చలికాలంలో పెరటి కోళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరికోతలు మొదలయ్యాయంటే నాకు ఫోన్లు కూడా మొదలవుతాయి. కోడి ముడుచుకుని కూర్చుంది, పెట్ట గుడ్డు మానేసింది, రాత్రికి రాత్రి రెండు పోయాయి, గూట్లో బల్బు పెట్టమంటారా... ఎక్కువ మంది మన ఉత్తరాంధ్రలో గజపతినగరం, బొబ్బిలి, చీపురుపల్లి చుట్టుపక్కల వాళ్లు, కొందరు పాతపట్నం, మందస వైపు నుంచి, ఈమధ్య అమెరికాలో పెరడున్న మనవాళ్లు కూడా. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకచోట రాస్తున్నాను. ఇది పదో ఇరవయ్యో కోళ్లు ఇంటి దగ్గర పెంచుకునేవాళ్ల కోసం. వేల కోళ్ల ఫారాల లెక్క వేరు.

మన దగ్గర చలికి కోళ్లు చచ్చిపోతాయా?

ఎదిగిన కోడి మన చలికి చావదు. ఈ మాట నమ్మితే సగం టెన్షన్ పోతుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల చుట్టూ ఉంటుంది, అంటే మనకంటే నాలుగు డిగ్రీలు ఎక్కువే, పైగా ఒంటినిండా ఈకలు. మన మైదానం ఊళ్లలో డిసెంబరు, జనవరి రాత్రులు ఎక్కువగా 16, 18 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. ఇంకాస్త దిగినా కోడి లెక్కచేయదు. ఒళ్లు తడవకుండా, గాలి సూటిగా కొట్టకుండా ఉంటే నీళ్లు గడ్డకట్టే చలిని కూడా తట్టుకుంటుంది.

మరి ఏటా ఈ నెలల్లోనే ఎందుకు పోతున్నాయంటారా? చంపేది తడి. వాయుగుండం వానకి నానిన ఊక, నేలలోంచి ఊరే చెమ్మ, చలి అని మూసేసిన గూట్లో కుళ్లిన గాలి, వీటన్నిటి వెనకే వచ్చే తెగుళ్లు. కింద ఏ ప్రశ్న తీసుకున్నా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను, విసుక్కోకండి.

ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుని కూర్చుంది. చలా, జబ్బా?

రాత్రిపూట, తెల్లవారుజామున ఈకలు ఉబ్బించుకోవడం, ఒక కాలు పైకి లాక్కోవడం, తల రెక్క కింద పెట్టుకోవడం మామూలే. ఉబ్బిన ఈకల మధ్య గాలి నిలిచి ఒళ్లు వెచ్చగా ఉంటుంది. చూడాల్సింది ఎండెక్కాక. ఎనిమిదీ తొమ్మిదీ అయ్యి మిగతావి పెంటకుప్ప మీద గీరుకుంటూ తిరుగుతుంటే ఒక్కటి మాత్రం గోడవారన కళ్లు మూసుకుని, రెక్కలు జారేసి నిలబడిందంటే అది జబ్బు. వెంటనే దాన్ని విడిగా గంప కింద మూసి, రెట్ట ఏ రంగులో వస్తోందో చూడండి. మేతసంచి తడిమి చూడండి, రాత్రి మేత అరగక పొద్దున్నకి అలాగే గట్టిగా ఉందంటే అది కూడా గుర్తే. డాక్టరు మొదట అడిగేవి ఈ రెండే.

బరకాలు, గోనెసంచులు కట్టి గూడు మొత్తం మూసేయొచ్చా?

వద్దు. చలికాలంలో అందరూ చేసేది ఇదే, ఎక్కువ కోళ్లు పోయేదీ దీనివల్లే.

ఒకసారి తెల్లవారుజామున అయిదింటికి, తలుపు తీయకముందే గూటి దగ్గరికి వెళ్లండి. బరకం లోపలివైపు అరచేయి ఆనించండి. తడిగా తగిలిందంటే అది రాత్రంతా కోళ్లు వదిలిన ఊపిరే, పోవడానికి దారి లేక బరకానికి పట్టి, కిందికి కారి, ఊకలో దిగుతుంది. తర్వాత తలుపు కొద్దిగా తీసి, మీ ముఖం కోళ్ల ఎత్తుకి వంచి గాలి పీల్చండి. ముక్కు ఘాటెక్కినా, కళ్లు చుర్రుమన్నా అది తడిసిన రెట్టలోంచి వచ్చే అమ్మోనియా. మనకి ఒక్క క్షణం తగిలితేనే ఇలా ఉంటే, అవి పన్నెండు గంటలు అందులోనే కూర్చుంటాయి. ఊపిరిగొట్టంలోని సన్నని పొర దెబ్బతింటే గురక, ముక్కు కారడం, కంట్లో నురగ వరసగా మొదలవుతాయి. అప్పుడు మనం మందుల షాపుకి పరిగెడతాం, గూటికున్న బరకం మాత్రం విప్పం.

మూయాల్సింది గాలి కొట్టే వైపు మాత్రమే, అదీ కోళ్లు కూర్చునే ఎత్తు దాకా. మన దగ్గర ఈ నెలల్లో చలిగాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది. ఆ వైపు తాటికమ్మలో, గోనెలో, బరకమో కట్టండి. కప్పు కింద మాత్రం రెండు వైపులా జానెడు సందు తెరిచే ఉంచండి. వేడిగాలి, చెమ్మ పైనుంచి పోతాయి, కోళ్ల ఒంటికి గాలి తగలదు. పాములు, పిల్లులు దూరకుండా ఆ సందుకి సన్నకన్ను జాలీ కొట్టించండి.

రేకుల కప్పు మంచిదా, తాటాకు మంచిదా?

చలికాలం వరకు తాటాకే. రేకు రాత్రికి చల్లబడి, లోపలి ఆవిరి దానికి పట్టి, తెల్లవారేసరికి చుక్కలు చుక్కలుగా కోళ్ల వీపు మీదే పడుతుంది. రేకులు ఉన్నవాళ్లు పీకక్కర్లేదు, పైన ఒక వరస కమ్మలో ఎండుగడ్డో పరిచి తాడు బిగిస్తే చాలు, ఎండాకాలం కూడా పనికొస్తుంది. కప్పు కాస్త ముందుకు వాలేలా ఉంటే వానజల్లు లోపలికి రాదు.

నేల మీద ఏం పరచాలి? ఎక్కి పడుకునే కర్ర అవసరమా?

వరి ఊక. మిల్లు దగ్గర చవగ్గా దొరుకుతుంది, చెమ్మని బాగా పీలుస్తుంది. నాలుగు అంగుళాలకి తగ్గకుండా పరిచి, రోజు విడిచి రోజు కర్రతో తిరగేయండి. గుప్పెడు తీసి పిసికితే పొడిపొడిగా రాలిపోవాలి. ముద్దయితే ఆ మేర తీసేసి కొత్త ఊక పోయండి. వరిగడ్డి కూడా వాడొచ్చు గానీ అది అట్టకట్టి కింద బూజు పడుతుంది, ముక్కలుగా కొట్టి వేయాలి. నానిన ఊకలోనే రక్తపారుడు పురుగు పెరుగుతుంది, కోడిపిల్లలకి నెత్తురు విరేచనాలు అయ్యేది అందుకే.

కర్ర తప్పకుండా కావాలి. నేల మీద పడుకున్న కోడి పొట్టకి రాత్రంతా చెమ్మ తగులుతుంది. రెండంగుళాల వెడల్పున్న, పైన నునుపు చేసిన కర్రయితే కోడి పాదం మొత్తం దాని మీద ఆనుతుంది, వేళ్లని పొట్ట ఈకలు కప్పేస్తాయి. సన్నని వెదురుబద్ద పెడితే వేళ్లు బయటికొచ్చి చల్లబడతాయి. కోడికి జానెడు చోటుంటే చాలు, చలికి అవి ఎలాగూ ఒకదానికొకటి ఆనుకునే కూర్చుంటాయి.

గూట్లో బల్బు పెట్టాలా?

పెద్ద కోళ్లకి అక్కర్లేదు. వేడికి అలవాటు పడితే కరెంటు పోయిన రాత్రి అవస్థ పడతాయి. పైగా తాటాకు కప్పు, ఎండుగడ్డి, ఊక, దుమ్ము, అందులో అతుకుల వైరు. ఒక కోడి ఎగిరి బల్బుని తంతే చాలు, గూటితో పాటు పక్కనున్న గడ్డికుప్ప కూడా పోతుంది. కోతలయ్యాక మన ఊళ్లలో కుప్పలు ఎక్కడెక్కడ ఉంటాయో మీకు తెలుసు.

కుంపటి అసలే వద్దు. మూసిన చోట బొగ్గుల పొగ కోళ్లని, ఆ పక్క గదిలో పడుకున్న మనుషుల్ని కూడా తీసుకుపోతుంది.

మరి పిల్లలకి?

పిల్లల సంగతి పూర్తిగా వేరు, వాటికి వేడి కావాల్సిందే. నూగుతో ఉన్న పిల్ల తన ఒంటి వేడి తాను నిలుపుకోలేదు. తల్లి ఉంటే ఆ పని తల్లే చూసుకుంటుంది. తల్లి లేకుండా కొన్న గ్రామప్రియ, వనరాజా రకం పిల్లలైతే మొదటివారం వాటి వీపు ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మన చలికాలంలో నాలుగైదు వారాలు, ఈకలు పూర్తిగా వచ్చేదాకా రాత్రిళ్లు వేడి తప్పదు.

పిల్లకి రెండు వాట్లు అని లెక్క వేసుకోండి, ముప్పై పిల్లలకి ఒక 60 వాట్ల బల్బు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తున్నారు. ఇప్పుడు ఏ షాపులో అడిగినా ఎల్ఈడీ ఇస్తాడు, అది వెలుగిస్తుంది, వేడి ఇవ్వదు. పిల్లలు వెలుతురులోనే చలికి పోతాయి. పాతకాలం తీగబల్బు అని అడిగి తెచ్చుకోండి, దొరక్కపోతే కోళ్ల మేత అమ్మే దుకాణాల్లో బ్రూడర్ బల్బులు ఉంటాయి. గొలుసుతో గట్టిగా వేలాడదీయండి, వైరుకి వేలాడదీయొద్దు. చుట్టూ అట్టపెట్టె ముక్కలతో మూరెడు ఎత్తు గుండ్రంగా కంచె కట్టండి. మూలలుంటే పిల్లలు అక్కడ గుంపుకట్టి ఒకదాని కింద ఒకటి నలిగి చస్తాయి.

ధర్మామీటరు లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద కుప్పపడి కిచకిచ ఆపకుండా అరుస్తుంటే చలి, బల్బుకి దూరంగా కంచెకి ఆనుకుని నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. అంతటా సమానంగా చెదిరి తింటూ, తిరుగుతూ ఉంటే సరిగ్గా ఉంది. అన్నీ ఒకే పక్కకి చేరాయంటే ఎదుటి పక్కనుంచి గాలి దూరుతోందని. కరెంటు పోతే వేడినీళ్లు పోసి గట్టిగా మూత బిగించిన సీసాలు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి, పైన పాత దుప్పటి సగం వరకు కప్పండి.

చలికాలంలో పొదిగించొచ్చా?

పెట్ట పొదుగుకి కూర్చుంటే కాదనకండి, కానీ గుడ్లు తగ్గించండి. పెట్ట ఒంటి కిందికి పూర్తిగా పట్టినన్నే పెట్టాలి. వేసవిలో పన్నెండు పెట్టే పెట్టకి ఇప్పుడు ఎనిమిదో తొమ్మిదో చాలు. అంచున ఉన్నవి చల్లబడితే లోపలి పిల్ల పోతుంది, అదే గుడ్డు మర్నాడు మధ్యలోకి, మధ్యది అంచుకి వస్తుంది, చివరికి అన్నీ పాడు. 21 రోజులకి పిల్లలు దిగుతాయి కాబట్టి ధనుర్మాసం మొదట్లో కూర్చోబెడితే సంక్రాంతి చుట్టూ దిగుతాయి, అప్పటికి పగటి ఎండ బాగానే ఉంటుంది. గంప కింద మందంగా గడ్డి, దాని కింద ఇసుక. సిమెంటు నేల మీద నేరుగా పెట్టొద్దు.

పొద్దున్న ఎప్పుడు వదలాలి? మంచు కురుస్తోంది కదా.

పెద్దవాటిని తెల్లారగానే వదిలేయొచ్చు, పొగమంచు వాటినేమీ చేయదు. పిల్లలున్న తల్లిని మాత్రం గడ్డి మీద తడి ఆరాకే వదలండి. తడిగడ్డిలో ఒక గంట తిరిగితే పిల్లల పొట్టకింద నూగు మొత్తం నానిపోతుంది, మధ్యాహ్నానికి వాలిపోతాయి.

చలికాలంలో మేత మార్చాలా?

మార్చడం కన్నా పెంచడం అనండి. ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే కొంత మేత ఖర్చయిపోతుంది, పైగా కోతలయ్యాక పొలాల్లో మొదట రాలిన గింజలు బాగా దొరికినా పుష్యం వచ్చేసరికి అవీ అయిపోతాయి, పురుగూ పుట్రా తగ్గిపోతాయి. పూర్తిగా కట్టేసి పెంచే గుడ్ల పెట్ట రోజుకి 110, 120 గ్రాములు తింటుంది. తిరిగి మేసే కోడికి అందులో సగం మనం వేస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

పొద్దున్న తవుడు, నూకలు, మిగిలిన అన్నం లాంటివి. సాయంత్రం గూటికి ఎక్కే గంట ముందు గింజలు: పగలగొట్టిన మొక్కజొన్న, చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), ఏవున్నా సరే. గింజ నెమ్మదిగా అరుగుతుంది, అరిగేటప్పుడు పుట్టే వేడి అర్ధరాత్రి దాకా పనికొస్తుంది. నన్నడిగితే చలికి వంద బల్బులకన్నా సాయంత్రం గుప్పెడు గింజలే మేలు.

గింజలు ఒక్కటే వేస్తే కొవ్వు పడుతుంది, గుడ్డు రాదు, మాంసకృత్తులు కావాలి. చెదలు పట్టుకోండి, దీనికి ఖర్చేమీ లేదు. పాత కుండలో ఎండుగడ్డి, పేడ, చిరిగిన గోనె ముక్క కుక్కి, నీళ్లు చిలకరించి, చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లించండి. తెల్లారేసరికి కుండనిండా చెదలు, ఎత్తి పిల్లల ముందు దులపడమే. సముద్రం పక్క ఊళ్లవాళ్లు ఎండుచేపల తలలు వేస్తారు, మంచిదే గానీ ఉప్పు చేపైతే రెండు నీళ్లు మార్చి నానబెట్టి కడిగి వేయండి, కోళ్లకి ఉప్పు ఎక్కువైతే విషమే. మునగాకు, తోటకూర రోజూ వేసినా తప్పులేదు.

బూజు పట్టినది మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. తుపానుకి తడిసిన మొక్కజొన్న, చెమ్మ తగిలిన వేరుశనగ చెక్క మీద పెరిగే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది కోడి కాలేయాన్ని తినేస్తుంది. ఎండబెట్టినా, కడిగినా పోదు. మనుషులకి పనికిరాని గింజలు కోళ్లకి పోద్దాంలే అనే అలవాటు ఈ ఒక్క విషయంలో మానుకోవాలి.

నీళ్లు వేడిచేసి పెట్టాలా?

వేడి చేయక్కర్లేదు, రాత్రి నీళ్లు పారబోసి కొత్తవి పోస్తే చాలు. బోరు ఉన్నవాళ్లకి ఇంకా సులువు, అప్పుడే కొట్టిన బోరునీళ్లు చలికాలం పొద్దున్న గోరువెచ్చగానే ఉంటాయి. చల్లటి నీళ్లు కోడి తక్కువ తాగుతుంది, నీళ్లు తగ్గితే తిండి తగ్గుతుంది, దాంతో గుడ్డూ తగ్గుతుంది. నీళ్లపాత్ర గూటి బయట పెట్టండి, లోపల పెడితే ఒలికి ఊక తడుస్తుంది.

గుడ్లు ఎందుకు తగ్గిపోయాయి?

చలి వల్ల కాదు, పగలు తగ్గడం వల్ల. పెట్ట కంటికి తగిలే వెలుతురుని బట్టి గుడ్డు తయారవుతుంది. బాగా పెట్టాలంటే రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. మన దగ్గర డిసెంబరు 21 ప్రాంతంలో పగలు సుమారు 11 గంటలే. గ్రామప్రియ లాంటి గుడ్ల రకం ఉంటే తెల్లవారుజామున మూడింటి నుంచి ఒక చిన్న బల్బు వేయండి, దీనికి ఎల్ఈడీ సరిపోతుంది. సాయంత్రం వేస్తే ఒక్కసారిగా ఆపినప్పుడు చీకట్లో కర్ర ఎక్కలేక కింద చిక్కుకుంటాయి. ఒక్కసారే మూడింటికి కాకుండా, వెలుతురు వారానికి అరగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి, మొదలెట్టాక మధ్యలో మానేయకూడదు.

నాటుకోడికి ఇదంతా దండగ. అది ఏడాదికి పెట్టేదే యాభై, అరవై గుడ్లు, ఈ రెండు నెలలు దాన్ని ఊరికే వదిలేయండి.

ఈకలన్నీ రాలిపోయి బోడిగా అయింది, చలికి తట్టుకుంటుందా?

ఏడాదికోసారి పాత ఈక రాల్చి కొత్తది తెచ్చుకుంటుంది, రెండు మూడు నెలలు పడుతుంది. ఈక అంటే దాదాపు మొత్తం మాంసకృత్తే కాబట్టి ఆ రోజుల్లో చెదలు, చేప, చెక్క కాస్త ఎక్కువ వేయండి. కొత్త ఈకల మొలకలు నొప్పి పుడతాయి, ఊరికే పట్టుకోకండి.

అయితే ముందు పేలు కాదని తేల్చుకోండి. తోక కింద ఈకలు విడదీసి ఎండలో చూస్తే ఈక మొదట్లో తెల్లగా గుడ్ల గుత్తులు, గోధుమరంగు పేలు పరిగెత్తడం కనిపిస్తాయి. ఒక పాత టబ్బులో పొడిమన్ను, కట్టెలపొయ్యి బూడిద కలిపి నీడపట్టున ఉంచితే కోళ్లే అందులో దొర్లి దులుపుకుంటాయి. ప్లాస్టిక్ కాల్చిన బూడిద వేయకండి. చలికాలం బయట నేలంతా తడిగా ఉంటుంది కాబట్టి ఈ పొడిమన్ను వాటికి బాగా అవసరం.

కొక్కెర తెగులు వచ్చిందని ఎలా తెలుస్తుంది? వస్తే ఏం చేయాలి?

ఆకుపచ్చ, తెలుపు కలిసిన నీళ్ల విరేచనాలు, మెడ చాచి నోరు తెరిచి గాలి పీల్చడం, బతికి బయటపడ్డవాటికి మెడ మెలితిరిగిపోవడం, కాలు రెక్క పడిపోవడం. ఊళ్లో ఒక ఇంట్లో వస్తే వారంలో వీధి ఖాళీ. రాణిఖేత్ అని డాక్టర్లు అనేది దీన్నే, ఉత్తరాఖండ్‌లోని ఆ ఊరి పేరే దీనికి పెట్టారు. ఇది వైరస్, వచ్చాక మందు లేదు. వెల్లుల్లి, పసుపు, మిరియాలు, పక్కూరి ఆయన ఇచ్చే పొడి, ఏవీ దీన్ని ఆపవు.

ఆపేది టీకా. పిల్లకి అయిదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నెల లోపు మళ్లీ ఒకసారి, ఎనిమిదో వారంలో ఆర్-టు-బి సూది రెక్క కింద చర్మంలో. తర్వాత పెరటి కోళ్లకి ఆరునెలలకోసారి వేయించుకుంటే మంచిది. చలికాలం లెక్క ఏంటంటే, తెగులు ఊళ్లోకి వచ్చాక పరిగెత్తకుండా దసరా, దీపావళి మధ్యలోనే వేయించేయాలి. టీకా చల్లగా ఉంటేనే పనిచేస్తుంది, ఐస్ వేసిన ఫ్లాస్కులో తెచ్చుకోండి, చొక్కా జేబులో కాదు. కలిపిన సీసా రెండు గంటల్లో వాడేయాలి. ఒక సీసా వంద కోళ్లకో అంతకన్నా ఎక్కువకో వస్తుంది కాబట్టి వీధివాళ్లంతా కలిసి ఒకే పొద్దున్న వేయించుకుంటే ఖర్చూ తక్కువ, ఊరికీ రక్ష. పశువైద్యశాలలో, రైతు సేవా కేంద్రంలో ముందుగా అడిగిపెట్టుకోండి. నలతగా ఉన్న కోడికి మాత్రం టీకా వేయించొద్దు.

సంతలో కొన్న కోడిని తెచ్చి నేరుగా మందలో వదలొద్దు. రెండు మూడు వారాలు దూరంగా, వేరే గంప, వేరే నీళ్లచిప్ప. సంక్రాంతికి ముందు పుంజులు చేతులు మారుతుంటాయి, చుట్టాలు తెస్తుంటారు, పంపుతుంటారు, తెగులు కూడా ఆ దారిలోనే తిరుగుతుంది. మావయ్యగారు ముచ్చటపడి పట్టుకొచ్చిన పుంజుని విడిగా కట్టేస్తే ఆయన నొచ్చుకుంటారని మొహమాటపడకండి.

పోయిన కోడిని గెడ్డలో, అంటే వాగులో, పడేయకండి. కుక్కలు ఈడ్చుకొస్తాయి, దిగువ ఊరికి తెగులు పోతుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

గురక పెడుతోంది, ముక్కు కారుతోంది?

అన్నీ తిని తిరుగుతూ గురక మాత్రమే ఉంటే మొదట గూట్లో గాలి, ఊక సరిచేయండి. ముఖం వాచి, ముక్కులోంచి చెడువాసనతో జిగట వస్తుంటే డాక్టరుకి చూపించాలి. మనుషులకి రాసిన యాంటీబయాటిక్ మాత్ర సగం విరిచి వేయడం దయచేసి మానండి.

ముఖం మీద, జుట్టు (తల మీది ఎర్ర కండ) మీద నల్ల పొక్కులు?

మశూచి, దోమల వల్ల వస్తుంది. పొక్కులు గోకి తీయకండి, వేపనూనెలో పసుపు కలిపి రాస్తే పుండు మీద ఈగలు వాలవు. చాలావరకు మూడు నాలుగు వారాల్లో రాలిపోతాయి. నోటి లోపల పొర కడితే ప్రమాదం, తిండి తినలేదు. దీనికీ టీకా ఉంది, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రెక్క పొరలో గుచ్చి వేస్తారు.

తుపాను హెచ్చరిక వస్తే?

మన జిల్లాలకి చలికాలం తుపానుతోనే మొదలవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లే నిలబడలేదు, తాటాకు గూళ్ల సంగతి చెప్పేదేముంది. హెచ్చరిక రాగానే కోళ్లని గంపల్లో ఇంట్లోకి తెచ్చేయండి, పక్కా గది మూలో, వరండానో. రెండు మూడు రోజుల మేత, ఒక బస్తా పొడి ఊక ఎత్తున పెట్టుకోండి. వాన వెలిశాక అసలు పని: తడిసిన ఊక మొత్తం ఎత్తేసి, నేల మీద సున్నం చల్లి, ఆరాకే కొత్తది పరవండి. తుపాను రోజు ఒక్క కోడి పోకుండా కాపాడుకున్నవాళ్లు పది రోజుల తర్వాత ఈ పని చేయక పోగొట్టుకుంటారు.

మాది సీతంపేట, సాలూరు వైపు కొండ ఊరు. మాకు కూడా ఇంతేనా?

మీకు చలి ఎక్కువ, రాత్రి 10 డిగ్రీల దగ్గరికి దిగొచ్చు. గూడు నేలకి రెండడుగుల ఎత్తున కట్టండి, కింద వెదురు, పైన గడ్డి, రెండు పక్కలు మట్టి మెత్తిన తడిక. కప్పు కింద సందు మాత్రం మీకూ అంతే. పిల్లలకి వేడి ఇంకో వారం పొడిగించండి.

మా తమ్ముడు మిన్నసోటాలో ఆరు కోళ్లు పెంచుతున్నాడు. అక్కడ మైనస్ 20 అట, ఎలా?

అక్కడి లెక్క వేరైనా సూత్రం ఇదే. రోడ్ ఐలాండ్ రెడ్, ప్లిమత్ రాక్ లాంటి ఒళ్లున్న రకాలు ఆ చలికి నిలుస్తాయి. మైనస్‌లో మొదట దెబ్బతినేది జుట్టు, గొంతు కింద తోలు, కాలివేళ్లు. చివర్లు తెల్లబడి తర్వాత నల్లగా మారి రాలిపోతాయి. పెద్ద రంపం జుట్టున్న పుంజులకి ఎక్కువ, మన అసిల్ లాగా చిన్న జుట్టున్నవాటికి తక్కువ. గూట్లో చెమ్మ ఉంటే ఇది ఇంకా తొందరగా వస్తుంది కాబట్టి అక్కడ కూడా పైన గాలి పోయే దారి మూయకూడదు, ఎంత మంచు పడుతున్నా సరే. చలికి కొయ్యబారిన చోట రుద్దకూడదు, వేడిగాలి కొట్టకూడదు, గోరువెచ్చగా నెమ్మదిగా కోలుకోనివ్వాలి.

నీళ్లు గంటల్లో గడ్డకడతాయి, అందుకే వేడెక్కే అడుగున్న నీళ్లపాత్రలు అమ్ముతారు, అది కొనమనండి. వేడి దీపాలు వద్దు, చెక్క గూళ్లు అంటుకునేది ఎక్కువగా వాటివల్లే. నేల మీద చెక్కపొట్టు మందంగా వేసి చలికాలమంతా పైపైన పోస్తూ పోతే అడుగున కుళ్లేటప్పుడు కొంత వేడి పుడుతుంది. గుడ్లు రోజుకి రెండు మూడుసార్లు ఏరుకోవాలి, లేకపోతే గడ్డకట్టి పెంకు పగులుతుంది. డిసెంబరులో అక్కడ పగలు 9 గంటలు కూడా ఉండదు, బల్బు వెలుతురు లేకపోతే గుడ్లు రావు, మీ తమ్ముణ్ని కంగారు పడొద్దనండి.

బర్డ్ ఫ్లూ సంగతి?

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో నిర్ధారణ అయ్యింది. చలికాలంలో వలసపక్షులు దిగే చెరువులకి మన కోళ్లు, బాతులు వెళ్లకుండా చూసుకోండి. ఒకేసారి నాలుగైదు కారణం తెలియకుండా పోతే ముట్టుకోకుండా పశువైద్యశాలకి చెప్పండి, కోసి పంచకండి. బాగా ఉడికిన మాంసం, గుడ్డు తినడానికి భయం లేదు, 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది.

డాక్టరు దూరం. ఎవర్ని అడగాలి?

1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు సాయం దొరుకుతుంది. విజయనగరం వైపు వాళ్లకి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. చచ్చిన కోడిని చూపించాలనుకుంటే ఆ రోజే తీసుకెళ్లండి, ఐస్ మీద పెట్టి, రెండు కవర్లలో కట్టి. మర్నాటికి కుళ్లితే కోసి చూసినా ఏమీ తెలియదు.

మందు వేసిన కోడి గుడ్లు తినొచ్చా?

యాంటీబయాటిక్ వేస్తే కొన్ని రోజులు గుడ్డు, మాంసం వాడకూడదు. ఎన్ని రోజులన్నది మందుని బట్టి మారుతుంది, సీసా మీద ఉంటుంది, లేకపోతే రాసిన డాక్టర్నే అడగండి. ఆ గుడ్లు పొదుగుకి పెట్టొద్దు, అంగన్‌వాడీ పిల్లలకో పక్కింటివాళ్లకో ఇచ్చేయడం అంతకన్నా తప్పు. పూడ్చేయండి.